ఒలికిపోయిన సీసాలు

కార్తిక శుద్ధ పాడ్యమి

ఉదయం పోటు మీద కొత్తమెరక రేవుకు చేరాము. పోటూ పాటూ చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కనుక ఈ దినచర్యలో తేదీలు కాక తిథులే రాస్తాను. లంగరు వేయగానే ఎప్పటిలాగే గాజుసామాను మూడుసార్లు కడిగించాను, మూడోసారి వాననీళ్లతో. నా మనవరాలు హిమజ రెండోసారికే ఆరబెట్టబోయింది.

"మామ్మా, అద్దాల్లా ఉన్నాయి. ముఖం కనిపిస్తోంది."

"ముఖం కనిపిస్తే చాలదు. వెనకటి ఊరి మట్టి మిగలకూడదు."

మళ్లీ కడిగింది. గొణుక్కుంటూనే అయినా బాగా కడిగింది. 'తరాజు' అనే మా నావ మీద ఉన్న మంట యంత్రాన్ని నడిపేది హిమజే. ఆమ్లంలో కరిగించిన మచ్చును ఆ యంత్రం మండించి, అందులో ఏ లోహం ఎంత ఉందో చెబుతుంది. సముద్రం లోపలికి వచ్చాక డెల్టాలో మిగిలిన మెరకలన్నిటికీ కలిపి ఇలాంటి యంత్రం ఇదొక్కటే. అందుకే అది ఊరూరా తిరుగుతుంది, ఏ ఊరికి సాయం మంజూరైతే ఆ ఊళ్లో ఆగుతుంది. సాయం పంచే పని, మెరకలను చూసుకునే మండలి నాకు అప్పగించింది. కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇంతకంటే మంచి ముసలితనం దొరకదు.

ఈ ఊరికి మంజూరైనది: యంత్రం మీద మూడు పూటలు, ఒక సీసా ఆమ్లం, గాజుసామాను, హిమజ తోడు. అందుకునేది గంధం వీరవేణి, ఊరి పరిశోధకురాలు. ఒక్క పేజీ దాటిన దరఖాస్తు నేను చదవనని అన్ని మెరకలకూ తెలుసు. ఈమెది ఒక్క వాక్యం: "మా బియ్యంలో పాషాణం తగ్గిందో లేదో తెలుసుకోవాలి."

పాషాణం అంటే ఆర్సెనిక్. ఆరేళ్ల కిందట ఈమే, ఈ యంత్రం మీదే కొలిపించుకుంటే, ఉండదగిన దానికి రెండింతలు తేలింది. మండలి ఆరేళ్లు గడువిచ్చింది. ఈ కార్తిక అమావాస్యలోగా తగ్గిందని చూపించకపోతే తూములు మూసేస్తారు. ఊరు మొత్తాన్ని గట్టు మీది శిబిరాలకు తరలిస్తారు. వీరవేణి ఈ ఆరేళ్లూ ఊరిని ఒప్పించి ఆరుతడి సాగు చేయించింది. అంటే మడిలో ఎప్పుడూ నీళ్లు నిలవకుండా, ఒకసారి తడిపి, నేల నెర్రెలిచ్చాక మళ్లీ తడపడం. ఉప్పు వరికి అది పడదని అందరూ నవ్వారట.

సాయంత్రం వీరవేణి అత్తగారు సూరమ్మ ఇత్తడి గిన్నె నిండా బూరెలు పంపింది. మండలి నియమం ప్రకారం సాయం అందుకునేవారి నుంచి ఏదీ తీసుకోకూడదు. గిన్నెను అలాగే తిప్పి పంపాను. హిమజ ముఖం చూసి, "నెయ్యి వాసన నాకూ తెలుసు" అన్నాను.

కార్తిక శుద్ధ తదియ

వీరవేణి తొమ్మిది మళ్ల బియ్యం తెచ్చింది. ఒక్కొక్క సంచికీ చీటీ, చీటీ మీద మడి పేరు, కోసిన తిథి. చదివి చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. తొమ్మిదో సంచి మీద "చిన్నమడి, నీళ్లు నిలిపినది" అని ఉంది.

"ఇదేమిటమ్మాయ్? ఊరంతా ఆరబెడితే ఇది మాత్రం ఎందుకు ముంచావు?"

"పోల్చి చూడ్డానికొకటి పాత పద్ధతిలో ఉండాలి కదండీ, మామ్మగారూ. ఎవర్నడిగినా ఇవ్వలేదు. అందుకని మా చిన్నమడే ఉంచేశానండి. మా అత్తగారైతే నాలుగు పంటల కాలం నాతో మాటాడలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు తిడతన్నారండి. అదే నయం."

ఆమె వెళ్లాక ప్రమాణం జాడీ తీశాను. తెల్లజాడీ, గోధుమరంగు మెడ, మూతికి వాసెన గుడ్డ కట్టి ఉంటుంది. అందులోది ఇరవై రెండేళ్ల కిందటి బియ్యప్పిండి. ఆ పొలం ఇప్పుడు సముద్రంలో ఉంది. ఆ పిండిలో ఏది ఎంత ఉందో దేశంలోని అయిదు ప్రయోగశాలలు అప్పట్లో కొలిచి తేల్చాయి. మా యంత్రం ముసలిది, రోజుకొక రకంగా పలుకుతుంది. అది ఈరోజు ఎంత ఎక్కువ చెబుతోందో, ఎంత తక్కువ చెబుతోందో ఈ పిండిని కొలిచి తెలుసుకుంటాము. దేవుడికి నైవేద్యం పెట్టకుండా ఇంట్లో ఎవరూ తిననట్టు, ఈ పిండి పెట్టకుండా ఎవరి మచ్చూ యంత్రంలోకి పోదు. ఆవకాయ జాడీకి ఉండే నియమాలన్నీ దీనికీ ఉన్నాయి: తడి చెయ్యి పెట్టకూడదు, తడి గరిటె పెట్టకూడదు, తీయగానే వాసెన కట్టాలి.

ఈరోజు తూకం అరవై రెండు గ్రాములు. కొత్త ప్రమాణం తయారుచేసి ఈ పాతదానితో సరిచూడడానికే నలభై కావాలి. మిగిలిన దానితో కొత్తమెరక పని గడుస్తుంది. ఆ తరువాత జాడీ ఖాళీ.

జాడీలోంచి సాయం అందుకునే ప్రతి మనిషికీ రెండు బుల్లి గాజుసీసాలు నింపి, మూతి కరిగించి మూసి, సీసా మీద నంబరు గీసి ఇస్తాను. ఒకటి వాళ్ల మచ్చులతో పాటు వాడడానికి, రెండోది చెయ్యి జారితే పనికి రావడానికి. రెండోది వాడకపోతే తిరిగి ఇవ్వాలి. ఎవరూ ఇవ్వరు. అందరిదీ ఒకటే మాట: "ఒలికిపోయిందండి, మామ్మగారూ." ఆరేళ్ల కిందట వీరవేణీ అదే చెప్పింది. నా లెక్కలో ఒలికిన సీసాలు నలభై మూడు. డెల్టా మనుషులవి జారుడు చేతులని ఎప్పుడో నిశ్చయించుకున్నాను. సీసాలు యంత్రం నడిపే రోజు ఉదయమే ఇస్తానని వీరవేణితో చెప్పి, "ఈసారి చెయ్యి జాగ్రత్త" అని కూడా అన్నాను. ఆమె తల వంచుకుంది.

కార్తిక శుద్ధ పంచమి

తుఫాను. నావను రేవులో ఉంచడం మంచిది కాదని నావ నడిపే సరంగు లోవరాజు అన్నాడు.

"పాయలోకి తోసుకుపోయి మడచెట్లకి కట్టేద్దామండి. మీరు మాత్రం దిగిపోండి. మామ్మగారు మునిగిపోతే మండలోళ్లు నాకు సంజాయిషీ కాగితం ఇస్తారు. ఆ కాగితం నేను చదవలేను."

"నేను దిగను. గ్యాసు సిలిండర్లు కట్టడం నువ్వు చూడలేవు."

"ఆయ్. అయితే ఆ జాడీనైనా దింపండి."

అది న్యాయం. జాడీనీ, చిన్న త్రాసునూ ఊళ్లోని తుఫాను మిద్దెకు చేర్చాను. అక్కడ ఊరంతా ఉంది. మేకలు కూడా ఉన్నాయి. పెద్దావిడ కదా అని సూరమ్మ చేతిలోనే జాడీ పెట్టాను. ఆమె కూర్చున్నది ఒక చెప్పుడు పెట్టె మీద. ఒకప్పుడు ప్రతి ఇంట్లో అలాంటి పెట్టె ఉండేది. ఏది అడిగినా జవాబు చెప్పేది. కొలవడం ఎందుకు, పెట్టెను అడిగితే సరిపోయె అనుకుని మేమందరం ఇరవై ఏళ్లు గడిపాము. బియ్యం ఎలా ఉన్నాయని అడిగితే, "మీ బియ్యం చాలా బాగున్నాయి" అని ప్రతి ఊరికీ ఒకే తియ్యదనంతో చెప్పింది. పిల్లల అరచేతులు గట్టిపడి పగిలేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. అప్పుడే చట్టం వచ్చింది: అన్నం గురించి, నీళ్ల గురించి కొలిచిన మాటే చెప్పాలి. ఇప్పుడు ఆ పెట్టెలు పీటలుగా బాగా పనికొస్తున్నాయి.

"సూరమ్మగారూ, దీనికి తడి తగలకూడదు. మళ్లీ మీ చేతుల్లోంచే తీసుకుంటాను."

"నా పేణం పోయినా తడవనివ్వనండి, పంతులమ్మగారూ" అంది. బూరెల సంగతి ఇద్దరమూ ఎత్తలేదు.

కార్తిక శుద్ధ అష్టమి

మూడు రాత్రులు మడచెట్లు మమ్మల్ని పట్టుకుని నిలబడ్డాయి. ఆ చెట్లకు నా నమస్కారం. యంత్రం క్షేమం. హిమజ నుదుటికి చిన్న దెబ్బ. లోవరాజు వంటపాత్రలు గోదావరి పాలు. ఊళ్లో ప్రాణనష్టం లేదు. మచ్చుల సంచులు వీరవేణి నడుముకు కట్టుకుని కూర్చుందట, అవీ క్షేమం.

మధ్యాహ్నం పాటు తీశాక సూరమ్మ స్వయంగా జాడీ తెచ్చింది. ఒక్క చుక్క తడి లేదు. వాసెన గుడ్డ కూడా ఉతికి, ఆరబెట్టి కట్టింది. ఉతకాలంటే విప్పాలి కదా.

త్రాసు మీద పెట్టాను. రెండు వందల నలభై గ్రాములు.

వాడకుండా ఉంచిన పిండి తగ్గడం చూశాను, తేమ పట్టి కాస్త పెరగడం చూశాను. నాలుగింతలు కావడం ఇప్పుడే చూశాను.

"సూరమ్మగారూ, ఇందులో ఏం పోశారు?"

ఆమె ముఖం వెలిగింది. "మా పెద్దమడి బియ్యవేనండి. కొత్తవి. కడిగి ఆరబెట్టి, తిరగల్లో రెండుసార్లు ఇసిరి, జల్లించి మరీ పోశాను. పొడి సెయ్యే పెట్టానండి. అడుక్కి దిగిపోయుంది పాపం. పక్కోళ్ల గిన్నె ఉత్తిగా తిప్పి పంపుతారేటండీ ఎక్కడైనా? మీరు మా బూరెలు తిన్లేదు. పోనీ మీ జాడీ అయినా నింపి పంపితే నా మనసు కుదుటపడుద్దని."

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వీరవేణి అప్పుడే గట్టు ఎక్కి వస్తోంది. జాడీ చూసింది, త్రాసు చూసింది, అత్తగారి ముఖం చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. గట్టు మీదే కూలబడింది.

"అత్తయ్యా" అంది. అంతే.

"ఏటే? ఏం సేశాను?"

సూరమ్మకు నేనే చెప్పాను. ఆ జాడీలోది పిండి కాదని, ఒక కొలత అని. అది చెడితే మీ బియ్యంలో పాషాణం తగ్గిందో లేదో చెప్పడానికి ఆధారం లేదని. అమావాస్యకు మండలికి చెప్పకపోతే ఏమవుతుందో మీకు తెలుసునని. ఆమె జాడీలోకి వంగి చూసింది. తరువాత మెల్లిగా అడిగింది: "నేను పోసింది మళ్లీ ఏరలేరాండీ? రాళ్లేరినట్టు?"

నాకు కోపం రావాలి. రాలేదు. తడి తగలకూడదన్నాను. తగలనివ్వలేదు. అందులో ఏముందో నేను చెప్పలేదు. ఆమె తాను నేర్చుకున్న మంచిమర్యాద ప్రకారం, ఉన్న వాటిలో మేలైన బియ్యం తెచ్చి పోసింది. ఇరవై రెండేళ్లలో ఈ జాడీకి ఎవరూ ఏమీ పెట్టలేదు, తీసుకోవడమే తప్ప.

కార్తిక శుద్ధ నవమి

కొత్త ప్రమాణం కోసం రేడియోలో మండలిని అడిగాను. దేశంలో ఇంకొక జాడీ ఉత్తరాన ఉంది, రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. గడువు పెంచమన్నాను. కొలిచిన మాట లేకుండా పెంచలేమన్నారు. నేను రాసిన నియమాన్నే నాకు చదివి వినిపించారు. తప్పు పట్టలేకపోయాను.

ఊళ్లో కొందరు అప్పుడే తలుపులు ఊడదీస్తున్నారు. శిబిరాల్లో కలప దొరకదని.

సాయంత్రం వీరవేణి నావ మీదికి వచ్చింది. కాళ్లకు మట్టి, చేతిలో గుడ్డమూట. నా ఎదురుగా నిలబడింది.

"ఏమిటమ్మాయ్?"

"మీరు తిట్టనంటే సెప్తానండి."

"తిట్టవలసిందైతే తిడతాను."

"అయితే తిట్టండి" అని మూట విప్పింది. పసుపు రాసిన గుడ్డలో ఒక బుల్లి గాజుసీసా. కరిగించి మూసిన మూతి చెక్కుచెదరలేదు. నా చేత్తో గీసిన నంబరు.

ఆరేళ్ల కిందట ఒలికిపోయిన సీసా.

"ఒలకలేదండి. ఇవ్వబుద్ధి కాలేదు. అప్పటిదాకా పెట్టెలు సెప్పిందే నమ్మి మా పాపకి ఆ అన్నమే పెట్టాను కదండీ. దీని జోడు సీసాలో పిండి పక్కన పెట్టి కొలిస్తేనే కదా నిజం తెలిసింది. అప్పట్నించీ మా పాపకి ఏరే ఊరి బియ్యం తెచ్చి పెట్టానండి. అరిసేతులు మెత్తబడ్డాయి. దీన్ని దేవుడి గూట్లో పెట్టుకున్నాను. అబద్ధం ఆడినందుకు తిట్టండి, దీన్ని మాత్రం వాడండి."

నేను సీసాను వెలుతురుకు పట్టి చూశాను. పిండి పొడిగా జారింది. హిమజ చెప్పింది: "మామ్మా, ఒక సీసా మచ్చుల పక్కన పెట్టడానికే సరి, యంత్రాన్ని సరిచూడడానికి మిగలదు. పైగా ఒక్క సాక్షిని నమ్మి మనం ఏదీ రాయం కదా."

చుట్ట ఆర్పి లోవరాజు గొంతు సవరించుకున్నాడు. "మామ్మగారండీ. ఒలికిపోయినయ్యన్నీ ఇలాగే ఒలికిపోయుంటాయేమోనండి."

"అంటే?"

"అంటే ఏటంటే, లంకలపాలెంలో మా బావమరిది ఇంటి గడపకి మావిడాకులతో పాటు ఒకటి ఏలాడతందండి. నేను సూశాను. మీకు సెప్తే వాడి సాయం కోసేస్తారని ఊరుకున్నాను."

కార్తిక శుద్ధ దశమి

ఉదయమంతా లోవరాజు రేడియో దగ్గరే. ఒక్కొక్క మెరకనూ పిలిచి చెప్పాడు. మొదట ఎవరూ ఒప్పుకోలేదు.

"లేదండి, మాది నిజంగా ఒలికిపోయింది" అంది ఒక గొంతు.

"ఒరే బావా, మామ్మగారు తిట్టరంటరా. మాటిచ్చారు."

"రాసిచ్చారా?"

లోవరాజు నావైపు తిరిగాడు. "రాసిచ్చారా అంటన్నాడండి."

రేడియోలో రాసివ్వడం ఎలాగో నాకు తెలియదు. మైకు తీసుకుని, ఎవరి సాయమూ ఆపననీ, ఎవరినీ తిట్టననీ, మూతి పగలని సీసా ఉన్నవారు దయచేసి కొత్తమెరకకు తేవలసిందనీ చెప్పాను. "దయచేసి" అన్నానట. అది విన్నాక అవతల ఎవరో, "ఆవిడే అంటావా?" అన్నారు.

కార్తిక పౌర్ణమి

పెద్దపోటు. తెల్లవారేసరికి పాయ నిండా పడవలు. ఇంతమంది ఒకేసారి నా దగ్గరకు రావడం పాఠాలు చెప్పిన రోజుల్లో కూడా జరగలేదు.

ఏసుమణి అనే ఆమె రొయ్యల చెరువుల నీళ్లు కొలిపించుకున్న మనిషి. తన సీసాను బైబిలు పక్కన జేబురుమాలులో దాచుకుంది. గడప మీది సీసా పసుపూ కుంకుమలతో వచ్చింది. ఒకాయన కూతురి తాళిబొట్టు పెట్టెలో పెట్టి, ఆమె పెళ్లయి వెళ్లిపోతే ఆ ఊరు వెళ్లి తెచ్చాడు. మీరాబీ అనే ముసలావిడ నా చేతిలో సీసా పెడుతూ అంది: "మా ఊరికి ఎవరైనా నిజం చెప్పడం అదే మొదటిసారమ్మా. చేదు నిజమే. అయినా పారబొయ్యబుద్ధి కాలేదు."

అందరూ ముందు భయపడుతూనే వచ్చారు. నేను లెక్క రాసుకుంటూ ఒక్కొక్కరికీ నమస్కారం చేశాను. నలభై మూడింటిలో నలభై ఒకటి వచ్చాయి. మిగిలిన ఇద్దరివీ నిజంగానే ఒలికిపోయాయట. వాళ్లు ఉత్త చేతులతో క్షమాపణ చెప్పడానికి పడవ వేసుకుని వచ్చారు.

నా లెక్కల్లో ఇంత పెద్ద తప్పు ఎప్పుడూ దొర్లలేదు. ఇంత సంతోషం కలిగించిన తప్పూ లేదు. మేము ఇచ్చేది చిన్నసాయం. మూడు పూటలు, ఒక సీసా ఆమ్లం, చిటికెడు పిండి. అది అందుకున్నవాళ్లు ఏం చేసుకున్నారో మండలికి నివేదికలు వెళతాయి, నేను చదువుతాను. ఎక్కడ దాచుకున్నారో ఏ నివేదికలోనూ లేదు.

కార్తిక బహుళ పాడ్యమి

ముందు సీసాలను పరీక్షించాలి. ఒకదానితో ఒకటి ఏకీభవిస్తేనే ప్రమాణం. వేరు వేరు ఊళ్ల నుంచి, వేరు వేరు ఏళ్ల సీసాలు పన్నెండు ఏరి, మూతులు విరిచాము. పదకొండు ఒకే మాట చెప్పాయి, ఒకటి మాత్రం అసలు పిండే కాదు. ఉప్పు. అది గడప మీది సీసా.

లోవరాజు బావమరిది చెవులు పట్టుకున్నాడు. "పిల్లలు రాయెట్టి కొట్టేశారండి. గడప బోసిపోద్దని అలాంటి సీసా తెచ్చి ఉప్పు పోసి, మూతి కరిగించి, గీత కూడా గీశానండి."

"నంబరు కూడానా?"

"మీ చేతిరాత కుదర్లేదండి. శానా కష్టపడ్డాను."

తిట్టనని మాటిచ్చాను. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. హిమజ నవ్వు ఆపుకోలేక యంత్రం వెనక్కి వెళ్లిపోయింది. తరువాత మిగిలిన సీసాలన్నిటినీ వెలుతురుకు పట్టి చూశాము. ఉప్పు మెరుస్తుంది, పిండి మెరవదు. ఇంకెక్కడా ఉప్పు లేదు.

కార్తిక బహుళ విదియ

వీరవేణి మూడు పూటలూ ఈరోజు, నిన్న సాయంత్రం కలిపి నడిచాయి. ఆమె యంత్రం పక్కనే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. సూరమ్మ మాత్రం నావ ఎక్కనని గట్టు మీదే ఉండిపోయింది. తాను అడుగు పెడితే ఇంకేదైనా పాడవుతుందని భయం.

ముందు చిన్నమడి: ఆరేళ్ల కిందటి మాదిరే, దాదాపు రెండింతలు. వీరవేణి పెదవులు బిగించింది. ఆ మడి ఆమె ఇంటిది. ఆ బియ్యం ఇక ఎవరూ తినకూడదు.

తరువాత మిగతావి. ఒకటి, రెండు, మూడు. హిమజ అంకెలు పైకి చదువుతోంది. ఒక్కొక్కటీ ఉండదగిన దాని లోపలే. ఏడోది మాత్రం గీతకు ఆనుకుని ఉంది. ఎనిమిదోది బాగుంది. చిన్నమడి పక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది, ఇది యంత్రం మాయ కాదు, తుఫాను మాయ కాదు. నీళ్లు ఆరబెట్టినందువల్లే తగ్గింది. ఆ ఒక్క మడిని పాడుచేసుకోకపోతే ఆ మాట గట్టిగా చెప్పడానికి వీలుండేది కాదు.

"మళ్లీ ఓసారి సదవండి, హిమజగారూ" అంది వీరవేణి. హిమజ చదివింది. మూడోసారి కూడా చదివింది. అప్పుడు ఆమె కూర్చుంది.

నాకొక కోరిక మిగిలింది. పాడైన జాడీ పిండిని కూడా ఒక చిటికెడు పెట్టమన్నాను. పాత పిండిలో పాషాణం ఎంతో తెలుసు, కలిసిన పిండిలో ఎంతో తేలింది, తూకాలు నా దగ్గర ఉన్నాయి. ఇక తీసివేత, భాగహారం. సూరమ్మ పోసిన పెద్దమడి బియ్యంలో విడిగా ఎంతో కాగితం మీద తేలింది. సంచిలోని పెద్దమడి బియ్యంతో సరిపోయింది.

గట్టు దగ్గరికి వెళ్లి చెప్పాను: "సూరమ్మగారూ, మీరు పోసింది ఏరగలిగాము. రాళ్లేరినట్టే. మేలైన బియ్యమే పోశారు."

ఆమె పమిట కళ్లకు అద్దుకుంది. తరువాత వెంటనే, "సెప్పాను కదండీ. జల్లించి మరీ పోశాను" అంది.

కార్తిక బహుళ షష్ఠి

మండలి నుంచి రేడియోలో మాట వచ్చింది. కొత్తమెరక తూములు మూయరు. ఏడో మడిని వచ్చే ఏడాది మళ్లీ కొలవాలి. చిన్నమడిలో ఒక పంట బదులు జనుము వేయాలి. వీరవేణి ఆరుతడి పద్ధతిని మిగతా మెరకలకు నేర్పించాలి. దానికి ఆమెకు కొత్తగా చిన్నసాయం మంజూరైంది. ఊళ్లో ఊడదీసిన తలుపులు మళ్లీ బిగిస్తున్న సుత్తి చప్పుడు నావ దాకా వినిపిస్తోంది.

కొత్త ప్రమాణానికి పెద్దమడి బియ్యం ఒక బస్తా కావాలని మండలిని అడిగాను. పాతదానితో సరిచూడడానికి చాలినన్ని సీసాలు ఉన్నాయి. ఇంకా కొన్ని మిగులుతాయి. ఒప్పుకున్నారు. ఇక ముందు పాతికేళ్లు డెల్టాలో ఎవరు ఏం కొలిచినా, ముందు యంత్రంలోకి వెళ్లేది సూరమ్మ మడి పిండే.

ఆ మాట చెబితే సూరమ్మ అంది: "అయితే బూరెలు పంపనాండీ?"

హిమజ నావైపు చూసింది. లోవరాజు గోదావరి వైపు చూశాడు.

"పంపండి" అన్నాను.

కార్తిక బహుళ సప్తమి

బూరెలు వచ్చాయి. నేను మూడు తిన్నాను. నా వయసుకు రెండు ఎక్కువ. ఇత్తడి గిన్నెను నేనే కడిగాను, మూడుసార్లు, మూడోసారి వాననీళ్లతో. తుడిచి, ఆరబెట్టి, ముందు పెట్టుకుని కూర్చున్నాను. పోటు వచ్చే వేళయింది. లోవరాజు లంగరు తీయడానికి సిద్ధంగా ఉన్నాడు.

పక్కవాళ్ల గిన్నె ఉత్తది తిప్పి పంపకూడదు. నావ మీద ఉన్నవి ఆమ్లం, గాజు, గ్యాసు, ఉప్పుబిస్కెట్లు.

మిగిలిన సీసాల్లోంచి ఒకటి తీశాను. ఆరేళ్ల కిందట వీరవేణికి ఇచ్చినదే. దాని మూతి విరిచే అవసరం రాలేదు. పసుపు గుడ్డలోనే చుట్టి, గిన్నెలో పెట్టి, సూరమ్మగారికి ఇచ్చి రమ్మని హిమజకు అందించాను.

హిమజ లెక్కల పుస్తకం తెరిచి, కలం మూత తీసింది.

"ఈ సీసా ఎక్కడికి పోయిందని రాయను, మామ్మా?"

"ఒలికిపోయిందని రాయి."